ఓడ దిగిన ఇద్దరు ముసలాళ్ళు

తాతబ్బాయి కూతురు తప్పిపోయిన రోజు పోలీసులు ఆ పిల్లని వెతకలేదు. ఇందులో వాదన లేదు, అనుమానం లేదు. పోర్ట్‌బ్లెయిర్ రేవుకి అవతలి ఒడ్డున ఉన్న హోప్ టౌన్‌లో ఇరవై ఒక్క ఏళ్ళుగా ఈ సంగతి వినని ఇల్లు లేదు. పెళ్ళిలో భోజనాల బంతిలో కూర్చున్నా, చావింటి అరుగు మీద కూర్చున్నా, పక్కవాడి మోకాలి మీద చెయ్యి వేసి తాతబ్బాయి మొదలుపెట్టేవాడు. వినేవాడు ముందే విన్నానన్నా ఆపేవాడు కాదు.

అప్పుడు పిల్లకి ఐదేళ్ళు. పేరు అప్పలకొండ. ఏడాది పిల్లగా ఉన్నప్పుడు తల్లి శేషమ్మకి జబ్బు చేస్తే, తీసుకెళ్ళి శ్రీకాకుళం దగ్గర సొంతూళ్ళో నాయనమ్మ చేతుల్లో పెట్టారు. ఐదో ఏట మొగుడూ పెళ్ళాం వెళ్ళి, సింహాచలంలో మొక్కు ప్రకారం పిల్లకి తలనీలాలు ఇప్పించి, విశాఖపట్నంలో ఓడ ఎక్కి తెచ్చుకున్నారు. శేషమ్మ ద్వీపంలోనే పుట్టి పెరిగిన మనిషి, కానీ ఓడ ఆమెకి పడదు. హాడో వార్ఫు మీద దిగీ దిగగానే ట్రంకుపెట్టె మీద కూలబడి తల పట్టుకుంది. తాతబ్బాయి బియ్యం మూట దించి వెనక్కి తిరిగి చూస్తే పిల్ల లేదు.

"నేనెళ్ళి చెప్తానుండు. నీ హిందీ..." అంటూ శేషమ్మ లేవబోయింది.

"కూకో. పోలీసోళ్ళతో మాటలు ఆడోళ్ళ పని గాదు," అన్నాడు తాతబ్బాయి.

అప్పటికి పదేళ్ళుగా ద్వీపంలో ఉన్నాడు. హార్బరు ఫెర్రీ మీద కళాసి. తాడు విసిరి పడవను జెట్టీకి కట్టే పని. అతనికి హిందీ రాకపోవడమేమిటి? పరిగెత్తుకెళ్ళి పోలీసు ఔట్‌పోస్టు కిటికీ ముందు నిలబడి, పిల్ల గుర్తులన్నీ తడుముకోకుండా హిందీలో చెప్పాడు. బల్ల దగ్గరున్న జవాను కాగితం మీద రాసుకున్నాడు కూడా. ఆ తర్వాత పోలీసులు చేసిందేమిటి? ఇక్కడికి వచ్చేసరికి తాతబ్బాయి గొంతు పెద్దదయ్యేది.

"ముసలోళ్ళతో కబుర్లు సెప్పుకున్నారు! ఈ కళ్ళతో సూసాను. నా పిల్ల నీళ్ళల్లో పడిపోనాదో ఏటో అని నాను సస్తంటే, ఈళ్ళు ఓడ దిగిన ముసలోళ్ళనందర్నీ ఆపి, నీ పేరేటి, నీ ఊరేటని కుశలం అడుగుతారు! ఒక ముసలోణ్ణయితే కుర్చీలో కూకోబెట్టి టీ ఇప్పించారు!"

చివరికి మూడు గంటల తర్వాత శేషమ్మే పిల్లని చంకనేసుకుని వచ్చింది. టీకొట్టు వెనకాల దొరికిందని చెప్పింది. ఓడలో కడుపులో ఉన్నదంతా కక్కుకున్న ఆడమనిషికి దొరికిన పిల్ల, యూనిఫారం వేసుకున్నవాళ్ళకి దొరకలేదు. అదీ సంగతి.

తాతబ్బాయి ఈ కథ చెబుతూ ముసలాడి టీ దగ్గరికి రాగానే, శేషమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని పొయ్యి వైపు తిరిగిపోయేది. భుజాలు అదిరేవి. "ఏడవకే. దొరికింది గదా మరి," అని తాతబ్బాయి ఆ ఒక్కసారి మాత్రం మెత్తగా అనేవాడు.

శేషమ్మ పోయి రెండేళ్ళయింది. అప్పటినుంచి మెత్తగా అనడానికి ఎవరూ లేరు. తాతబ్బాయి మామూలుగానే దేన్నీ మరిచిపోయే మనిషి కాదు, ఇప్పుడు మరీ. శేషమ్మ అన్న ధనరాజు, చెల్లెలి దినాలు అయిపోయాక వచ్చాడు. ఓడ దొరకలేదన్నాడు. ఓడ దొరక్కపోతే ఈదుకుని రావలసింది. ధనరాజుతో మాటలు లేవు. కర్మలకి పనసకూర వండి అందులో ఉప్పు మరిచిన వంటమనిషితో మాటలు లేవు. "ఎన్నాళ్ళని బాధపడతావు తాతబ్బాయీ" అన్న పక్కింటాయనతో అసలే లేవు. ఊళ్ళో అతను మాట్లాడేది ఇద్దరితో. ఒకడు నూకన్న, ఫెర్రీ మీద తాతబ్బాయి చేసిన పనే ఇప్పుడు చేస్తున్నవాడు. రెండోది కూతురు.

అప్పలకొండకిప్పుడు ఇరవై ఆరు. అవతల పోర్ట్‌బ్లెయిర్‌లో ఒక ప్రైవేటు పడవ కంపెనీ టికెట్ కౌంటర్లో కూర్చుంటుంది. అక్కడ అందరూ కొండా దీదీ అంటారు. ఒక సోమవారం పొద్దున్న తండ్రికి చద్దన్నంలో చేపల పులుసు వేస్తూ, మూకుట్లోకే చూస్తూ, ద్వీపం పిల్లలందరిలాగే సగం హిందీ కలిపి అంది:

"నాన్నా, ఒక బాత్ చెప్తాను. గుస్సా అవ్వకు."

"బాత్ సెప్పు. గుస్సా సంగతి నాను సూసుకుంతాను."

"పోలీసులో భర్తీ పడింది. కానిస్టేబుల్. ఫారం భర్దామా అని సోచిస్తున్నా."

తాతబ్బాయి కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు.

"ఏ పోలీసు?"

"ఎన్ని పోలీసులుంటాయి నాన్నా!"

"నువ్వు తప్పిపోతే ఎతకనోళ్ళు. ఆళ్ళకాడికి నువ్వు పనికెల్తావా?"

"ఇంకా పక్కా చెయ్యలేదు. ఆలోచిస్తున్నా అనే కదా అన్నా. కౌంటర్‌లో నాలుగేళ్ళయింది, హర్ సాల్ కాంట్రాక్టే. పోలీసుకి ఏజ్ ఈ యేడాదితో ఖతం. ఇప్పుడు ఫారం భరకపోతే ఇంక సోచించే పని కూడా ఉండదు."

"మంచిదే. సోచించకు."

"శుక్రవారం లాస్ట్. నేను ఇక్కడి పిల్లనని కాగజ్ చూపించాలి. నీ రేషన్ కార్డు, సర్వీస్ బుక్కు. పెట్టె తాళం ఇయ్యి."

ట్రంకుపెట్టె తాళంచెవి శేషమ్మ కొంగున ఉండేది. ఇప్పుడు తాతబ్బాయి మొలతాడుకి ఉంది. దాన్ని పంచె మీదనుంచే ఒకసారి తడిమి చూసుకున్నాడు.

"ఇయ్యను," అన్నాడు.

ఆమె బతిమాలలేదు. కంచంలో ఇంకొక చేపముక్క వేసి, డబ్బా సంచిలో పెట్టుకుని ఫెర్రీకి వెళ్ళిపోయింది. అడిగి కాదనిపించుకున్నాక మారు మాట్లాడకపోవడం తల్లి పోలిక. అది తాతబ్బాయికి కొట్లాట కన్నా ఎక్కువ బాధ.

అయితే ఈ సంగతి అతనికి ఆ పొద్దున్నే తెలిసిందా అంటే అదీ కాదు. నెల్లాళ్ళుగా అప్పలకొండ తెల్లవారగానే బూట్లు వేసుకుని సముద్రం పక్క రోడ్డు మీద పరిగెడుతోంది. ఆరోగ్యానికి అంది. ఆ దారిలో కుక్కలున్నాయని తాతబ్బాయి సైకిలేసుకుని వెనకాల వెళుతున్నాడు. కుక్కలు ఉన్న మాట నిజమే. అవి రెండు, రెండూ ముసలివి. ఏ రోజు ఎన్నో కరెంటు స్తంభం దగ్గర కూతురికి ఆయాసం వచ్చిందో అతనికి లెక్క ఉంది. ఊపిరి ముక్కుతో తియ్యమని, నోరు తెరిచి పరిగెత్తితే ఎక్కువ దూరం పోలేవని వెనకనుంచి అరిచేది కూడా అతనే. ఎందుకు పరిగెడుతున్నావని మాత్రం ఒక్కసారీ అడగలేదు. అడిగితే చెబుతుందని భయం.

"ఏటి మావా, కూతుర్ని పోలీసులో ఏస్తన్నావట?" అన్నాడు నూకన్న ఆ సాయంత్రం జెట్టీ మీద తాడు చుడుతూ.

"ఎవుడు సెప్పాడు?"

"నీ సైకిలు సెప్పింది."

"నా సైకిలుకి పొగరెక్కువయ్యింది. ఆ తాడు అలగేనా సుట్టడం? రేపు ముడి పడతాది, సూసుకో."

మంగళవారం కూతురు పరుగుకి వెళ్ళలేదు. తాతబ్బాయి సైకిలు తుడిచి, వాకిట్లో నిలబెట్టి, కాసేపు చూసి, మళ్ళీ లోపల పెట్టాడు. బుధవారం కూడా ఆమె బూట్లు ముట్టుకోలేదు. పప్పు బాగుంది, చారు బాగుంది, ఇంట్లో మాటే లేదు. ఆ సాయంత్రం ఇక ఉండలేక అతనే అన్నాడు:

"ఒకటి సెప్తాను, ఇను. ఆ రోజు ఆ బల్లకాడ కూకున్నోడు, నా మాటలు రాసుకున్నోడు, ఆడు నా మొగం సూసి, ఎందుకెతకలేదో సెప్పాల. సెప్పినాడా, తాళం నీ సేతిలో ఎట్టేస్తాను."

కుదరని షరతు పెట్టానని అతని ధీమా. ఇరవై ఒక్క ఏళ్ళ కింద హాడోలో డ్యూటీ చేసిన జవాను ఇప్పుడు ఎక్కడున్నాడో, ఉన్నాడో లేదో!

అప్పలకొండ తల ఎత్తలేదు. చేతిలో ఉన్న చింతపండు పిసుకుతూనే ఉంది.

"ఆయనే కావాలా నాన్నా? ఇంకెవరన్నా చెప్తే చాలదా?"

"ఆడే."

"సరే. అవతల డెలానీపూర్‌లో ఉంటారు. రిటైరయ్యారు. రేపు ఛుట్టీ పెడతా."

తాతబ్బాయి ఆమె వైపు తిరిగాడు. "నీకెలాగ తెలుసు?" అన్నాడు.

"జెట్టీలో కూర్చున్నదాన్ని. నాకు తెలియనివాళ్ళెవరు?" అంది. కానీ ముఖం అటు తిప్పుకునే అంది.

గురువారం తాతబ్బాయి తెల్లచొక్కా వేసుకున్నాడు. శేషమ్మ ఇస్త్రీ చేసి మడిచిపెట్టిన ఆఖరి చొక్కా. రెండేళ్ళుగా మడత విప్పలేదు. ఫెర్రీ మీద రెయిలింగు పట్టుకుని నిలబడి, అడగవలసిన మాటలు హిందీలో పెదవులతోనే చెప్పుకున్నాడు. మీరు ఎందుకు వెతకలేదు. నా బిడ్డ మీకు బిడ్డ కాదా. ముసలాళ్ళకి టీ ఎందుకిచ్చారు. మూడూ బాగా వచ్చాయనుకున్నాడు.

డెలానీపూర్‌లో ఎత్తు ఎక్కి, మెట్లు దిగి, వాకిట్లో మిరపమొక్కలున్న ఒక చిన్న ఇంటి ముందు ఆగారు. లోపలినుంచి పొట్టిగా, దళసరి కళ్ళద్దాలతో ఒక పెద్దాయన బనీనుతోనే వచ్చాడు. కుజూర్. రాంచీ వైపునుంచి వచ్చి ద్వీపాల్లో స్థిరపడిన కుటుంబం. ఆయన అప్పలకొండని చూసి నవ్వబోయి, వెనకున్న మనిషిని చూసి ఆపుకున్నాడు. లోపలికెళ్ళి చొక్కా తొడుక్కుని వచ్చి కుర్చీలు వేశాడు.

తాతబ్బాయి కూర్చోలేదు. గొంతు సవరించుకున్నాడు. హిందీ ఒక్క ముక్కా గుర్తు రాలేదు. తెలుగులోనే అడిగేశాడు:

"ఆ రోజు నా కూతుర్ని ఎందుకెతకలేదు?"

కుజూర్‌కి ఇన్నేళ్ళలో తెలుగు కొంత వచ్చింది. చేతులు రెండూ జోడించాడు.

"మా గల్తీ, భాయిసాబ్. మేము వెతకలేదు. మాఫ్ చెయ్యండి."

అంతే. ఇరవై ఒక్క ఏళ్ళు నూరిన కత్తి, అవతలివాడు మెడ వంచేసరికి ఎక్కడ దించాలో తెలియలేదు తాతబ్బాయికి. గెలిచాడు. గెలిస్తే ఇలా ఉంటుందని అనుకోలేదు. ఏదో తక్కువైంది.

"మరి... ఎందుకెతకలేదు?" అన్నాడు మళ్ళీ, ఈసారి కొంచెం తగ్గి.

కుజూర్ బుర్ర గోక్కున్నాడు. "బస్. గల్తీ అయిపోయింది. కూర్చోండి, చాయ్ తాగండి."

తాతబ్బాయి కూర్చున్నాడు. అప్పలకొండ నేలచూపులు చూస్తోంది. అప్పుడే కుజూర్ భార్య పళ్ళెంలో టీ గ్లాసులు పట్టుకొచ్చింది. పెద్ద బొట్టులా గుండ్రటి ముఖం, ముఖమంతా నవ్వే. కొత్త మనిషిని చూసి, ఎవరని కళ్ళతోనే మొగుణ్ణి అడిగింది.

"హోప్ టౌన్ నుంచి. కొండా వాళ్ళ బాప్," అన్నాడు కుజూర్ మెల్లిగా.

ఆమె పళ్ళెం బల్ల మీద పెట్టేసి రెండు చేతులూ చరిచింది.

"అరే! దో బుడ్ఢే వాలే!"

"చుప్!" అన్నాడు కుజూర్.

ఆమె నోరు మూసుకుంది. కానీ మాట బయటికి వచ్చేసింది. దో అంటే రెండు, బుడ్ఢే అంటే ముసలాళ్ళు. ఆ మాత్రం హిందీ తాతబ్బాయికి వచ్చు.

"ఏ ముసలోళ్ళు?" అన్నాడు.

కుజూర్ అప్పలకొండ వైపు చూశాడు.

"కొండా. ఏ ముసలోళ్ళు?"

"అమ్మకి ఒట్టు పెట్టాను నాన్నా. నీతో చెప్పనని."

"నీ యమ్మ పోనాది. నాను ఉన్నాను. సెప్పు."

"భాభీకి, మీ ఆవిడకి, నేను కూడా జబాన్ ఇచ్చాను," అన్నాడు కుజూర్. "లేకిన్ ఇప్పుడు దాచి ఫాయిదా లేదు. మా ఆవిడ ఢోల్ కొట్టేసింది." కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడుచుకుని మొదలుపెట్టాడు.

ఆ రోజు ఓడ ఆగిన పావుగంటకి ఒక కూలీ, ఏడుస్తున్న పిల్లవాణ్ణి ఔట్‌పోస్టుకి తెచ్చి అప్పగించాడు. గుండు, చొక్కా, నిక్కరు. మగపిల్లాడే అనుకున్నాడు కుజూర్. పేరేమిటన్నా, ఊరేమిటన్నా ఒకటే జవాబు: నాన్నా, నాన్నా.

"హిందీలో నానా అంటే మా కా బాప్. తల్లికి తండ్రి. నేను ఏమనుకున్నా? బచ్చా తాతతో వచ్చాడు, తాత ఖో గయా. వెనక కమరాలో కూర్చోబెట్టి నా డబ్బాలో రోటీ ఇచ్చా. కాగజ్ మీద రాశా: ఒక బుడ్ఢా తప్పిపోయాడు."

ఐదు నిమిషాలు కాకముందే కిటికీ దగ్గరికి ఒక మనిషి రొప్పుతూ వచ్చాడు. హమారా పాప ఖో గయా, హమారా పాప ఖో గయా, అని ఊచలు పట్టుకుని ఊపేశాడు.

"అవును. పాపే గదా తప్పిపోనాది," అన్నాడు తాతబ్బాయి.

"హిందీలో పాపా అంటే బాప్, నాన్నా," అంది అప్పలకొండ చాలా నెమ్మదిగా.

తాతబ్బాయి చేతిలోని గ్లాసు మధ్యలోనే ఆగిపోయింది. తర్వాత ఒక్కసారిగా లేచాడు.

"గుర్తులు సెప్పాను! జుట్టు లేదని సెప్పాను!"

"చెప్పారు. బుడ్ఢాకి బాల్ ఎక్కడిది?"

"ముందు పళ్ళు లేవని సెప్పాను!"

"బుడ్ఢాకి దాంత్ ఎక్కడిది?"

"హిందీ రాదన్నాను! ఆకలేస్తే ఏడుస్తాదన్నాను!"

"భూఖ్ లగే తో రోతా హై, అన్నారు." కుజూర్ కళ్ళద్దాలు మళ్ళీ తీశాడు. "నాకు మా బాప్ యాద్ వచ్చాడు. ఆఖరికి ఆయన కూడా అలాగే అయ్యాడు. నా ఆంఖ్‌లో నీళ్ళు వచ్చాయి, భాయిసాబ్. ఇంత ప్యార్ చేసే బేటా ఎక్కడ ఉంటాడు అనుకున్నా."

"పొడుగెంతో సేత్తో సూపించాను గదా!"

"నడుం దాకా చూపించారు. గూని ఉంది అనుకున్నా."

కుజూర్ భార్య కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగిపోయింది. భుజాలు అదురుతున్నాయి. తాతబ్బాయి ఆ భుజాల వంకే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు.

"పేరు అప్పలకొండ," అన్నాడు కుజూర్. "ఆడా, మగా, నాకేం తెలుసు? ఉమర్ నేనే వేశా. సాఠ్, అరవై. ఇంక ఆ రోజు ఓడనుంచి ఇద్దరు బుడ్ఢాలు ఖో గయే. ఒకరు మీ పాపా, ఒకరు ఆ బచ్చా నానా. మేము వెతకలేదు అంటారు! గేటు బంద్ చేశాం. ఓడలోకి మళ్ళీ ఎక్కాం. బాత్‌రూములు కూడా చూశాం. ప్రతి బుడ్ఢాని ఆపాం. ఒకాయనకి బాల్ లేదు, దాంత్ లేదు, హిందీ లేదు. పక్కా మీ పాపానే అనుకుని చాయ్ ఇచ్చి కూర్చోబెట్టా. విజయనగరం ఆయన. చాయ్ తాగి నిద్రపోయాడు. ఆయన కొడుకు వచ్చి నాతో లడాయి చేశాడు."

"పిల్ల?" అన్నాడు తాతబ్బాయి.

"వెనక కమరాలో. మీరు కిటికీకి ఇటు, పాప గోడకి అటు."

చివరికి కుజూర్ మైకులో చదివించిన హిందీ ప్రకటన ట్రంకుపెట్టె మీద కూర్చున్న శేషమ్మ చెవిన పడింది. అప్పలకొండ అనే పెద్దాయన, వయసు సుమారు అరవై, తలమీద జుట్టు లేదు, నోట్లో పళ్ళు లేవు, వంగి నడుస్తారు, ఆకలేస్తే ఏడుస్తారు, కనిపించినవారు దయచేసి తెలుపగలరు. ఆమె లేచి, తూలుకుంటూ ఔట్‌పోస్టుకి వచ్చి, ఏడుస్తూ నవ్వుతూ పిల్లని ఎత్తుకుంది. ఇదంతా ఎలా జరిగిందో కుజూర్‌కి ఆవిడే విడమరిచి చెప్పింది. పాప అంటే బేటీ, నాన్న అంటే బాప్ అని అతని చేత రాయించింది కూడా. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగింది.

"భాభీ అంది, మా ఆయనకి చెప్పొద్దు భయ్యా. ఈ బాత్ తెలిస్తే ఆయన ఇంక ఎక్కడా తల ఎత్తడు. నన్ను రావద్దని ఆయనే కదా వచ్చాడు. మిమ్మల్ని తిట్టుకోనీ, పోలీసువాళ్ళకి తిట్లు అలవాటే కదా అంది. నేను సరే అన్నా. అప్పటినుంచి హర్ క్రిస్మస్‌కి మాకు ఎండుచేపలు పంపేది."

ప్రతి డిసెంబరులో శేషమ్మ ఎండుచేపల మూట ఫెర్రీలో ఎవరికో పంపడం తాతబ్బాయికి తెలుసు. ఎవరికని అడిగితే, నీ తిట్లు తినేవాళ్ళకి అనేది. ఏదో మాటవరసకి అనుకున్నాడు.

తాతబ్బాయి టీ అంతా తాగి గ్లాసు కింద పెట్టాడు.

"పంచదార ఎక్కువయ్యింది," అన్నాడు. లేచి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "ఆ రొట్టె. పిల్ల తిన్నాదా?"

"రెండు రోటీ. ఆలూ మొత్తం. నాకు ఏమీ మిగల్చలేదు."

"ఇప్పుడూ అంతే తింటాది," అన్నాడు తాతబ్బాయి. కుజూర్ భుజం మీద చెయ్యి వేసి తీసేశాడు. ఆ మనిషికి అంతకన్నా చేతకాదు.

తిరుగు ఫెర్రీలో తండ్రీ కూతురూ పక్కపక్కన నిలబడ్డారు. సగం దూరం వచ్చాక అతను అడిగాడు:

"నాను సెప్పినప్పుడల్లా, మీయమ్మ నవ్వేదేటి?"

"కొంగు నోట్లో కుక్కుకునేది నాన్నా. ముసలాయన టీ దగ్గరికి నువ్వు వస్తే ఇంక ఆగేది కాదట. నువ్వు 'ఏడవకే' అంటే ఇంకా ఎక్కువ వచ్చేదట. ఆస్పత్రిలో ఉన్నప్పుడు చెప్పింది. సూది పెట్టిన చెయ్యి కదిలిపోయేలా నవ్వింది."

తాతబ్బాయి నీళ్ళకేసి చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు అదిరాయి. అవతలినుంచి నూకన్న తాడు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ఏటి మావా, ఏటైంది? ఏడస్తన్నావేటి?"

"నీ పని నువ్వు సూసుకో," అన్నాడు తాతబ్బాయి తువ్వాలులోంచి.

నూకన్న వెళ్ళాక అప్పలకొండ అంది: "అమ్మ చెప్పినప్పటినుంచే నాకు సోచ్ పట్టుకుంది. ఇప్పటికీ ఓడ వస్తే మనవాళ్ళు ఎవరో ఒకరు నా కౌంటర్‌కి వచ్చి ఏడుస్తారు నాన్నా. పోలీసుకి చెప్పమంటే ఏం చెప్పాలో తెలీదు. చెప్పింది వాళ్ళకి సమఝ్ కాదు. ఆ బల్ల దగ్గర రెండూ తెలిసినవాళ్ళు ఒకరుండాలి కదా. లేకిన్ డర్ కూడా ఉంది. పరుగులో పోతేనో?"

"పోవు. శనివారం నువ్వు ఎనిమిదో స్తంభం దాటీసినావు. మూడు రోజులు మానీసినావు గాబట్టి రేపు ఆరే."

"క్యాంప్‌బెల్ బే పోస్టింగ్ ఇస్తే? రెండు రోజుల ఓడ."

"నానూ వస్తాను. సైకిలు ఓడలో ఎక్కించనిస్తారు గదా."

ఇంటికి రాగానే మొలతాడునుంచి తాళంచెవి విప్పి కూతురి చేతిలో పెట్టాడు. ఆమె పెట్టె తెరిచి రేషన్ కార్డు విప్పితే, మడతలోంచి ఒక పసుపుపచ్చ కాగితం జారింది. మీద హిందీ అక్షరాలు. తాతబ్బాయి ఆ కాగితాన్ని ఎన్నోసార్లు చూశాడు. రేషన్‌వాళ్ళదేదో అనుకున్నాడు, అతను చదివింది ఊళ్ళో ఐదో తరగతి దాకా, తెలుగు ఒక్కటే. అప్పలకొండ చదివి తెలుగులో చెప్పింది. పేరు అప్పలకొండ. వయసు అరవై. జుట్టు లేదు. పళ్ళు లేవు. కింద ఒక మూల, వేరే సిరాతో, శేషమ్మ వంకర తెలుగు రాత: మా పాప.

తాతబ్బాయి ఆ కాగితం తీసుకుని, ఏ మడత ఆ మడతన మడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఇది ఫారానికి అక్కర్లేదు గదా," అన్నాడు.

"అక్కర్లేదు నాన్నా."

శుక్రవారం పొద్దున్న అప్పలకొండ ఆరో స్తంభం దగ్గరే ఆగిపోయింది. తొమ్మిది గంటల ఫెర్రీకి కాగితాలు పట్టుకుని వెళ్ళింది. జెట్టీ దాకా తాతబ్బాయి దిగబెట్టాడు. పడవ కదిలేముందు నూకన్న తాడు విప్పుతూ, పదిమందీ వినేలా అన్నాడు:

"ఏటి మావా! నీ కూతుర్ని ఎతకనోళ్ళకాడికే పంపుతన్నావా?"

"ఎతికారు," అన్నాడు తాతబ్బాయి.

"ఏటీ? మరిన్నాళ్ళూ ఎతకలేదనీ..."

"ఎతికారని సెప్పాను గదా. ఇంక ఆ సంగతి నన్ను అడక్కు. నాను సెప్పను. నూకన్నా, నీ పిల్లల పెళ్ళిలోనైనా, నా దినాల్లోనైనా, ఆ మాట ఎత్తినోడితో నాకు మాటల్లేవు."